యుద్ధానంతర అమెరికాలో వచ్చిన సామాజిక, రాజకీయ మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

యుద్ధానంతర అమెరికా అంటే ఏ కాలం?

1945 ఆగస్టులో జపాన్ లొంగిపోయి రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన నాటి నుంచి 1974 ఆగస్టు 9న అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ రాజీనామా చేసే వరకు గడిచిన మూడు దశాబ్దాలను ఇక్కడ ఆ పేరుతో పిలుస్తున్నాము. అయితే ఆరంభాన్ని ఒక ఏడాది వెనక్కి జరిపి 1944 జూన్ దగ్గర పెట్టుకోవడమే సబబని నా అభిప్రాయం. యుద్ధం ఇంకా సాగుతుండగానే ఆ నెల 22న అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సంతకం చేసిన మాజీ సైనికుల చట్టం, తర్వాతి ముప్ఫై ఏళ్ళలో ఎవరు కాలేజీ మెట్లెక్కారు, ఎవరు సొంత ఇంటివారయ్యారు, ఎవరు కాలేకపోయారు అన్న సంగతిని చాలావరకు నిర్ణయించింది.

అమెరికాలో సమానత్వం ఆ దేశం పుట్టినప్పటి నుంచీ ఉన్నదేనని మన పాఠకుల్లో చాలామంది అనుకుంటారు. నేటి అమెరికావాసి అనుభవిస్తున్న హక్కుల్లో ఎన్నో 1944 నుంచి 1974 లోపు, ఊరూరా సాగిన పోరాటాల ఒత్తిడితో చట్టంలోకి ఎక్కినవి. మన తెలుగువారు అక్కడ స్థిరపడటానికి తోవ కూడా ఆ పోరాటాల వల్లనే తెరుచుకుంది. కింది జవాబులన్నీ ఈ దృష్టితో రాసినవే.

మాజీ సైనికుల చట్టానికి అంత ప్రాముఖ్యం ఎందుకు?

మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన సైనికులు తమకు రావలసిన బోనస్ ముందుగా ఇప్పించమని 1932లో వాషింగ్టన్‌లో గుడారాలు వేసుకుని కూర్చుంటే, ప్రభుత్వం సైన్యాన్ని పంపి వారిని తరిమివేసింది. ఆ అవమానం మళ్ళీ జరగకూడదన్న పట్టుదల, కోటిన్నర మందికి పైగా సైనికులు ఒక్కసారిగా తిరిగివస్తే నిరుద్యోగం విరుచుకుపడుతుందన్న భయం, ఈ రెండూ కలిసి 1944 చట్టాన్ని పుట్టించాయి. తిరిగివచ్చినవారికి కాలేజీ ఫీజు, చదువుకునే కాలంలో జీవనభృతి, ఉద్యోగం దొరికే వరకు నిరుద్యోగ భృతి, ఇల్లు కొనడానికి ప్రభుత్వ హామీతో అప్పు లభించాయి. 1947లో కాలేజీ విద్యార్థుల్లో దాదాపు సగం మంది మాజీ సైనికులే. 1956 నాటికి సుమారు 78 లక్షల మంది ఈ చట్టం కింద చదువో శిక్షణో పొందారు. కూలివాడి కొడుకు ఇంజనీరు కావడమన్నది అక్కడ మామూలు సంగతిగా మారింది అప్పుడే.

చట్టంలో ఎక్కడా రంగు ప్రస్తావన లేదు. కానీ అమలు బాధ్యత స్థానిక కార్యాలయాల చేతుల్లో, అప్పు మంజూరు స్థానిక బ్యాంకుల చేతుల్లో ఉండిపోయింది. చట్టసభలోని దక్షిణాది సభ్యులు పట్టుబట్టి అలా ఉంచారు. ఫలితం ఎలా ఉందంటే, 1947లో మిసిసిపీ రాష్ట్రంలోని 13 నగరాల్లో ఈ హామీతో మంజూరైన 3,229 రుణాల్లో నల్లజాతి మాజీ సైనికులకు దక్కినవి రెండే రెండు. ఆ రాష్ట్ర జనాభాలో నల్లజాతివారు దాదాపు సగం ఉన్నారన్న సంగతి గుర్తుంచుకుని ఈ అంకెను చదవాలి. పైకి అందరికీ వర్తించే చట్టం కింద ఒక వర్గాన్ని ఎలా తప్పించవచ్చో తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు కనిపించలేదు.

శివారు పట్టణాలు ఎలా పుట్టాయి? వాటికీ రాజకీయాలకూ సంబంధం ఏమిటి?

యుద్ధం ముగిసేసరికి ఇళ్ళ కొరత తీవ్రంగా ఉంది; కొత్తగా పెళ్ళయిన జంటలు తల్లిదండ్రుల ఇళ్ళలో ఒక్క గదిలో సర్దుకునేవారు. 1947లో న్యూయార్కు నగరానికి తూర్పున లాంగ్ ఐలాండ్‌లో, బంగాళాదుంపల పొలాలుగా ఉన్న నేలమీద లెవిట్ సంస్థ ఇళ్ళు కట్టడం మొదలుపెట్టింది. కార్ల కర్మాగారంలో బండి కదులుతూ వస్తే పనివాడు ఒక్కచోట నిలబడి తన పని చేస్తాడు. ఇక్కడ ఇళ్ళు కదలవు కాబట్టి పనివాళ్ళే ఒక ఇంటి నుంచి మరో ఇంటికి కదిలేవారు. ఒక జట్టుది పునాది పని అయితే మరో జట్టుది రంగుల పని. ఇలా రోజుకు ముప్ఫై ఇళ్ళు కూడా పూర్తయిన సందర్భాలు ఉన్నాయి. 1951 నాటికి ఆ లెవిట్‌టౌన్‌లో 17,000కు పైగా ఇళ్ళు నిలిచాయి. 1949లో ఒక్కో ఇంటి ధర 7,990 డాలర్లు. ప్రభుత్వ హామీ ఉంది కాబట్టి మాజీ సైనికుడు చేతిలో పెద్దగా సొమ్ము లేకుండానే తాళంచెవి తీసుకోగలిగేవాడు.

అయితే ఆ ఇంటి ఒప్పందంలో ఒక షరతు ఉండేది. శ్వేతజాతికి చెందనివారు ఆ ఇంట్లో నివసించరాదని, పనిమనుషులుగా మాత్రమే ఉండవచ్చని అందులో రాసి ఉంది. ఇది ఒక్క కంపెనీ దురభిమానం కాదు. గృహరుణాలకు బీమా ఇచ్చే కేంద్ర సంస్థే ఇటువంటి షరతులను ప్రోత్సహించింది. 1930లలో మరో కేంద్ర సంస్థ నగరాలకు పటాలు గీయించి, నల్లజాతివారు ఉండే పేటలకు ఎర్రరంగు పూసి, అక్కడ అప్పు ఇవ్వడం ప్రమాదకరమని ముద్ర వేసింది. ఇటువంటి షరతులను కోర్టులు అమలు చేయరాదని 1948లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినా, అమ్మేవారు అమ్మకుండా ఉండటానికి అడ్డేమీ లేకపోయింది. 1957లో పెన్సిల్వేనియాలోని మరో లెవిట్‌టౌన్‌లోకి మొదటి నల్లజాతి కుటుంబం చేరినప్పుడు వందలమంది గుమిగూడి రోజుల తరబడి రాళ్ళు రువ్వారు.

1956లో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకం చేసిన రహదారుల చట్టం దీనికి తోడైంది. 41,000 మైళ్ళ జాతీయ రహదారులకు ఖర్చులో 90 శాతం కేంద్రమే భరించింది. శివారులో ఉంటూ నగరంలో ఉద్యోగం చేయడం సులువైంది. ఆ రహదారులను నగరాల మధ్య నుంచి తీసుకువెళ్ళేటప్పుడు మయామిలోని ఓవర్‌టౌన్, సెయింట్ పాల్‌లోని రోండో, డెట్రాయిట్‌లోని బ్లాక్ బాటమ్ వంటి నల్లజాతి పేటలు నేలమట్టమయ్యాయి.

ఇల్లు మధ్యతరగతికి ముఖ్యమైన ఆస్తి. బడుల ఖర్చులో పెద్ద భాగం అక్కడ స్థానిక ఆస్తి పన్ను నుంచి వస్తుంది. అందువల్ల ఇల్లు ఎక్కడ దొరికిందన్న దాని మీద పిల్లల చదువు ఆధారపడింది. నేడు అమెరికాలో ఇల్లు వెతికే తెలుగు కుటుంబాలు మొదట స్కూల్ డిస్ట్రిక్ట్ ఏదని అడుగుతాయి. ఆ ప్రశ్నకు మూలం ఇక్కడ ఉంది.

కమ్యూనిస్టు భయం సమాజాన్ని ఎంతవరకు మార్చింది?

చాలా లోతుగా మార్చింది, అదీ విస్కాన్సిన్ సెనేటర్ జోసెఫ్ మెకార్తీ రంగప్రవేశానికి ముందే. 1947 మార్చిలో అధ్యక్షుడు ట్రూమన్ కేంద్ర ఉద్యోగుల విధేయతను పరీక్షించే ఉత్తర్వు జారీ చేశాడు. అదే ఏడాది టాఫ్ట్-హార్ట్లీ చట్టం, తాము కమ్యూనిస్టులము కామని కార్మిక సంఘాల నాయకులు ప్రమాణపత్రం ఇవ్వాలని షరతు పెట్టింది. 1950 ఫిబ్రవరి 9న వీలింగ్ పట్టణంలో, ప్రభుత్వంలో కమ్యూనిస్టులు చొరబడ్డారంటూ మెకార్తీ చేసిన ప్రసంగం అప్పటికే రాజుకున్న మంటను ఎగదోసింది. 1954లో సైన్యాన్నే నిందించబోయి టెలివిజన్ విచారణల్లో పరువు పోగొట్టుకున్నాడు; ఆ డిసెంబరులో సెనేట్ 67-22 ఓట్లతో అతన్ని అభిశంసించింది.

మెకార్తీ పతనంతో కథ ముగిసిందనుకోవడం పొరపాటు. గాయకుడు పాల్ రాబ్సన్ పాస్‌పోర్టును 1950లో రద్దు చేసి 1958 వరకు తిరిగి ఇవ్వలేదు. 1953లో వెలువడిన మరో ఉత్తర్వు కింద స్వలింగ సంపర్కులన్న అనుమానంతో ఎందరినో ప్రభుత్వోద్యోగాల నుంచి తొలగించారు. జాతి సమానత్వం గురించి మాట్లాడటమే కమ్యూనిజానికి గుర్తుగా చూసిన రోజులవి. ఆ తర్వాత వచ్చిన పౌరహక్కుల ఉద్యమం చర్చి భాషలో, రాజ్యాంగ భాషలో మాట్లాడటానికి ఈ భయం కూడా ఒక కారణమని నేను భావిస్తున్నాను.

వివక్ష ఎప్పటి నుంచో ఉన్నదే కదా, ఉద్యమం 1950లలోనే ఎందుకు ఊపందుకుంది?

దక్షిణాది రాష్ట్రాల్లో బడి, బస్సు, ఆసుపత్రి, మంచినీటి కుళాయి, చివరికి శ్మశానం కూడా రంగును బట్టి వేరుగా ఉండేవి. రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన మన పాఠకులకు దీన్ని విడమర్చి చెప్పనక్కరలేదు. అది చట్టబద్ధమేనని 1896లో సుప్రీంకోర్టు ముద్ర వేసింది.

1940లలో పరిస్థితులు కొన్ని మారాయి. 1910 నుంచి 1970 వరకు సుమారు 60 లక్షల మంది నల్లజాతివారు దక్షిణాదిని వదిలి షికాగో, డెట్రాయిట్, న్యూయార్కు వంటి నగరాలకు వెళ్ళారు. అక్కడ వారికి ఓటు ఉంది. ఆ ఓటు లేనిదే పెద్ద రాష్ట్రాల్లో గెలవలేమని పార్టీలు గ్రహించాయి. రెండవది, హిట్లర్ జాతి సిద్ధాంతం మీద పోరాడి వచ్చిన సైనికుడు ఇంటికి వచ్చి బస్సులో వెనక సీటుకు ఒప్పుకోవడం కష్టం. 1946 ఫిబ్రవరిలో ఐజాక్ వుడార్డ్ అనే సైనికుడు విడుదలై, ఇంకా యూనిఫారంలోనే ఇంటికి వెళుతుండగా సౌత్ కరోలినాలో పోలీసు అధికారి కొట్టిన దెబ్బలకు రెండు కళ్ళూ పోగొట్టుకున్నాడు. ఆ అధికారిని శ్వేతజాతి జ్యూరీ నిర్దోషిగా వదిలేసింది. ఈ సంగతి విని చలించిన ట్రూమన్ పౌరహక్కుల సంఘాన్ని నియమించి, 1948 జూలై 26న సైన్యంలో జాతి వేర్పాటును రద్దు చేసే ఉత్తర్వు జారీ చేశాడు.

మూడవ కారణం విదేశాంగ విధానం. ఆసియా, ఆఫ్రికా దేశాలు స్వతంత్రమవుతున్న వేళ, వాటి మద్దతు కోసం సోవియట్ యూనియన్‌తో పోటీ పడుతున్న అమెరికాకు సొంత ఇంట్లోని వివక్ష తలవంపులుగా మారింది. 1955లో మన రాయబారి గగన్‌విహారి మెహతాను హ్యూస్టన్ విమానాశ్రయపు రెస్టారెంటులో వేరే గదిలో కూర్చోమన్నారు. విదేశాంగ మంత్రి డల్లెస్ క్షమాపణ చెప్పవలసి వచ్చింది. పుట్టిన దేశంలోనే రోజూ అదే అవమానం భరిస్తున్నవారికి మాత్రం ఏ మంత్రీ క్షమాపణ చెప్పలేదు.

1954 తీర్పుతో బడులు కలిసిపోయాయా?

లేదు. 1954 మే 17న సుప్రీంకోర్టు చీఫ్ జస్టిస్ ఎర్ల్ వారెన్ చదివిన బ్రౌన్ తీర్పు, బడుల్లో జాతి వేర్పాటు రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది; అది తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకాభిప్రాయంతో ఇచ్చినదే. కానీ మరుసటి ఏడాది అమలు గురించి ఇచ్చిన రెండో తీర్పులో గడువు తేదీ ఏదీ పెట్టలేదు. ఆ సందును దక్షిణాది రాష్ట్రాలు పూర్తిగా వాడుకున్నాయి. 1957 సెప్టెంబరులో ఆర్కన్సా రాష్ట్రంలోని లిటిల్ రాక్‌లో తొమ్మిదిమంది విద్యార్థులను బడిలోకి పంపడానికి ఐసెన్‌హోవర్ 101వ ఎయిర్‌బోర్న్ సైనికదళాన్ని దింపాడు. మరుసటి విద్యాసంవత్సరం ఆ నగరంలో హైస్కూళ్ళనే మూసేశారు. వర్జీనియాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఇంకా ముందుకు వెళ్ళి, 1959 నుంచి 1964 వరకు ప్రభుత్వ బడులన్నిటికీ తాళం వేసింది. శ్వేతజాతి పిల్లలకు ప్రైవేటు బడి ఏర్పాటైంది, నల్లజాతి పిల్లల్లో చాలామంది ఆ ఐదేళ్ళూ చదువుకు దూరమయ్యారు. కోర్టు తీర్పును అమలుచేయించే బలం కూడా ప్రజల దగ్గర ఉండాలని ఉద్యమకారులు నేర్చుకున్నది ఈ అనుభవాలతోనే.

మాంట్‌గోమరీ బస్సు బహిష్కరణ రోజా పార్క్స్ ఒక్కరి వల్లనే మొదలైందా?

ఆలబామాలోని ఆ ఊళ్ళో పని చేసి అలసిన ఒక కుట్టుపనావిడ శ్వేతజాతి ప్రయాణికుడి కోసం బస్సులో సీటు వదలనని మొండికేసిందని, దాంతో ఊరంతా కదిలిందని పిల్లలకు చెబుతారు. రోజా పార్క్స్ అప్పటికే పన్నెండేళ్ళుగా నల్లజాతి హక్కుల సంఘంలో పనిచేస్తున్న కార్యకర్త, దాని స్థానిక కార్యదర్శి. ఆమె అరెస్టు 1955 డిసెంబరు 1న జరిగింది. అదే ఏడాది మార్చిలో పదిహేనేళ్ళ క్లాడెట్ కోల్విన్ అదే పని చేసి అరెస్టయింది. ఆలబామా స్టేట్ కాలేజీలో పాఠాలు చెప్పే జో ఆన్ రాబిన్సన్, ఆమె నడిపే మహిళా సంఘం బహిష్కరణకు ముందునుంచే సిద్ధంగా ఉన్నాయి. పార్క్స్ అరెస్టయిన రాత్రి రాబిన్సన్ కాలేజీలోనే కూర్చుని వేలాది కరపత్రాలు ముద్రించి తెల్లవారేసరికి పంచడానికి సిద్ధం చేసింది.

ఆ తర్వాత 381 రోజులు ఊరి నల్లజాతి ప్రజలు బస్సెక్కలేదు. వంటమనుషులు, చాకలి పనివారు మైళ్ళకొద్దీ నడిచారు, మిగిలినవారిని సొంత కార్లున్నవారు వంతులవారీగా చేరవేశారు, చర్చీలు పెట్రోలుకు చందాలు పోగుచేశాయి. ఇరవయ్యారేళ్ళ మార్టిన్ లూథర్ కింగ్ నాయకుడిగా వెలుగులోకి వచ్చింది ఇక్కడే. బస్సుల్లో వేర్పాటు చెల్లదని చివరికి కోర్టు తేల్చింది. ఆ కేసు వేసిన స్త్రీలలో కోల్విన్ ఒకరు.

ఈ ఉద్యమం మీద గాంధీ ప్రభావం నిజంగా ఉందా, లేక మనం గొప్పగా చెప్పుకుంటున్నామా?

నిజంగానే ఉంది, అదీ పుస్తకాల ద్వారా మాత్రమే వచ్చింది కాదు. కొరియా యుద్ధానికి వెళ్ళనని జైలు పాలైన జేమ్స్ లాసన్, విడుదలయ్యాక 1953 నుంచి 1956 వరకు నాగపూర్‌లో మిషనరీగా పనిచేస్తూ సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేశాడు. తిరిగి వెళ్ళి నాష్‌విల్‌లో విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. తిట్టినా, మీద సిగరెట్టు ఆర్పినా, కుర్చీ నుంచి లాగిపారేసినా తిరిగి చేయి ఎత్తకుండా ఉండటం ఎలాగో అభినయించి మరీ నేర్పేవాడు. 1960 ఫిబ్రవరి 1న గ్రీన్స్‌బరోలో నలుగురు విద్యార్థులు వూల్‌వర్త్ దుకాణపు భోజనశాలలో కూర్చుని మొదలుపెట్టిన నిరసన కొద్ది వారాల్లోనే దక్షిణాది అంతటా పాకినప్పుడు, ఈ శిక్షణ అక్కరకు వచ్చింది. కింగ్ స్వయంగా 1959లో భార్య కొరెట్టాతో కలిసి భారతదేశం వచ్చి వెళ్ళాడు.

రాకపోకలు ఒకవైపే సాగలేదు. 1964 మేలో రామ్‌మనోహర్ లోహియా మిసిసిపీలోని జాక్సన్‌లో, నల్లవారికి ప్రవేశం లేని ఒక కెఫెటేరియాలోకి ధోవతితోనే వెళ్ళి అరెస్టయ్యాడు. 1972లో బొంబాయిలో పుట్టిన దళిత్ పాంథర్స్ తమ పేరును అమెరికా బ్లాక్ పాంథర్ల నుంచి తీసుకున్నారు.

1964, 1965 చట్టాలు వాస్తవంగా ఏమి మార్చాయి?

1964 జూలై 2న అధ్యక్షుడు లిండన్ జాన్సన్ సంతకం చేసిన పౌరహక్కుల చట్టం హోటళ్ళు, సినిమాహాళ్ళు, ఉద్యోగాల్లో వివక్షను నిషేధించింది. దానికి ముందు సెనేట్‌లో దక్షిణాది సభ్యులు రెండు నెలలకు పైగా చర్చను సాగదీసి అడ్డుకున్నారు. జూన్ 10న 71-29 ఓట్లతో ఆ అడ్డు తొలగింది. చట్టంలో అంతగా చర్చకు రాని ఒక భాగం, కేంద్ర నిధులు తీసుకునే ఏ సంస్థా వివక్ష చూపరాదని చెబుతుంది. 1966 జూలై 1న వృద్ధులకు ఆరోగ్యబీమా ఇచ్చే మెడికేర్ అమలులోకి వచ్చినప్పుడు, ఆ సొమ్ము కావాలంటే వార్డులు కలపక తప్పదని ప్రభుత్వం ఆసుపత్రులకు తేల్చిచెప్పింది. దశాబ్దాలుగా కదలని వేల ఆసుపత్రులు కొద్ది నెలల్లో మారాయి. ఆ కాలంలో ప్రభుత్వం చేసిన పనుల్లో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా ఆకట్టుకున్నది ఇదే.

ఓటు సంగతి వేరు. రాజ్యాంగం 1870లోనే నల్లజాతి పురుషులకు ఓటు హక్కు ఇచ్చినా, దక్షిణాది రాష్ట్రాలు ఓటు పన్నుతోనూ అక్షరాస్యత పరీక్షతోనూ దాన్ని ఒట్టి కాగితం చేశాయి. రాష్ట్ర రాజ్యాంగంలోని ఏదో క్లిష్టమైన వాక్యానికి అర్థం చెప్పమని గుమస్తా అడుగుతాడు; జవాబు సరైనదో కాదో తేల్చేది కూడా అతడే. 1965 మార్చి 7న ఆలబామాలోని సెల్మాలో ఎడ్మండ్ పెటస్ వంతెన దాటుతున్న నిరసనకారులను పోలీసులు లాఠీలతో, బాష్పవాయువుతో చితకబాదిన దృశ్యాలు ఆ రాత్రే దేశమంతా టెలివిజన్‌లో చూసింది. ఆగస్టు 6న ఓటు హక్కుల చట్టం వచ్చింది. అది అక్షరాస్యత పరీక్షలను ఆపి, కేంద్ర అధికారులను నేరుగా జిల్లాలకు పంపి, ఆ రాష్ట్రాలు ఎన్నికల నియమాలు మార్చాలంటే ముందే కేంద్రం అనుమతి పొందాలని ఆదేశించింది. మిసిసిపీలో ఓటర్లుగా నమోదైన నల్లజాతివారు చట్టానికి ముందు 7 శాతం లోపే; 1967 నాటికి దాదాపు 60 శాతం. ముందస్తు అనుమతి నియమం ఎవరికి వర్తిస్తుందో చెప్పే సూత్రాన్ని 2013లో సుప్రీంకోర్టు కొట్టివేసింది, అప్పటి నుంచి ఆ కవచం లేదు.

స్త్రీల పరిస్థితి ఎలా మారింది?

యుద్ధకాలంలో కర్మాగారాల్లో పనిచేసిన స్త్రీలను 1945 తర్వాత ఇళ్ళకు పంపించారు. అయినా 1950లలో ఉద్యోగం చేసే గృహిణుల సంఖ్య నిలకడగా పెరుగుతూనే వచ్చింది. 1960లో గర్భనిరోధక మాత్రకు అనుమతి లభించడంతో చదువు, పెళ్ళి, ఉద్యోగం ఏ వరుసలో ఉండాలో నిర్ణయించుకునే వీలు కలిగింది. 1964 చట్టంలో ఉద్యోగ వివక్ష జాబితాలోకి స్త్రీ పురుష భేదాన్ని చేర్పించినవాడు ఆ చట్టాన్నే వ్యతిరేకించిన వర్జీనియా సభ్యుడు హోవర్డ్ స్మిత్. మార్తా గ్రిఫిత్స్ వంటి మహిళా సభ్యులు ఆ సవరణను గట్టిగా పట్టుకుని గెలిపించారు. అమలు చేయవలసిన కమిషన్ పట్టించుకోకపోవడంతో 1966లో జాతీయ మహిళా సంఘం ఏర్పడింది. 1972లో వచ్చిన చట్టం విద్యాసంస్థల్లో వివక్షను నిషేధించి వైద్య, న్యాయ కళాశాలల తలుపులు తెరిచింది. అప్పు ఇవ్వడంలో స్త్రీ పురుష భేదం చూపకూడదన్న చట్టం 1974లో గాని రాలేదు. సమాన హక్కుల రాజ్యాంగ సవరణకు 38 రాష్ట్రాలు కావలసి ఉండగా గడువులోగా 35 దగ్గరే ఆగింది. 1973లో గుర్తించిన గర్భస్రావ హక్కును సుప్రీంకోర్టు 2022లో వెనక్కి తీసుకుంది.

తెలుగువారు అమెరికా వెళ్ళడానికీ ఈ మార్పులకూ సంబంధం ఉందా?

నేరుగా ఉంది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో, భారతీయులు శ్వేతజాతీయులు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది అక్టోబరులో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బోస్టన్‌లో అడుగుపెట్టారు. ఆయన ప్రయోగశాలలో గడిపిన రెండు దశాబ్దాలకు పైగా కాలం పౌరసత్వానికి తలుపు మూసే ఉంది. 1946 జూలైలో వచ్చిన చట్టం పౌరసత్వ హక్కు ఇచ్చింది గాని, మొత్తం భారతదేశానికి కేటాయించిన వలస కోటా ఏడాదికి 100 మంది. రెండేళ్ళకే, 1948లో, సుబ్బారావు కన్నుమూశారు.

పుట్టిన దేశాన్ని బట్టి మనిషి విలువ కట్టే ఆ కోటా పద్ధతిని 1965 అక్టోబరు 3న జాన్సన్ స్వేచ్ఛాదేవి విగ్రహం నీడలో సంతకం చేసి రద్దు చేశాడు. దేశంలోపల రంగును బట్టి వివక్ష చట్టవిరుద్ధమైన మరుసటి ఏడాది, సరిహద్దు దగ్గర అదే వివక్షను సమర్థించుకోవడం ఎవరికీ సాధ్యం కాలేదు. ఇది విప్లవాత్మక చట్టం కాదని జాన్సన్ ఆ రోజు అన్నాడు. బంధుత్వానికి పెద్దపీట వేశారు కాబట్టి ఐరోపా నుంచే జనం వస్తారని చాలామంది సభ్యులు నమ్మారు. కానీ నిపుణులకు ఉంచిన వాటా ద్వారా మొదట వైద్యులు, ఇంజనీర్లు వెళ్ళి, ఆ తర్వాత బంధుత్వపు వాటాలో తమవారిని పిలిపించుకున్నారు. మెడికేర్ వల్ల వైద్యుల అవసరం పెరిగిన సమయంలోనే ఈ దారి తెరుచుకోవడంతో, విశాఖపట్నం, గుంటూరు, హైదరాబాద్ వైద్య కళాశాలల పట్టభద్రులు ఎందరో అక్కడి ఆసుపత్రుల్లో చేరారు. 1977లో న్యూయార్కులో తెలుగువారి మహాసభ జరిగే నాటికి ఆ తరం స్థిరపడింది. సెల్మా వంతెన మీద దెబ్బలు తిన్నవారికి మనం రుణపడి ఉన్నామని అక్కడి మన పిల్లలకు చెప్పడం పెద్దల బాధ్యత అని నేను మనసారా నమ్ముతాను.

డెమోక్రాట్లు, రిపబ్లికన్లు స్థానాలు మార్చుకున్నారంటారు. అది నిజమా?

ఒక్కరాత్రిలో మార్చుకోలేదు, కానీ మార్పు నిజం. అంతర్యుద్ధం తర్వాత దక్షిణాది డెమోక్రాట్ల కంచుకోట. 1948లో ట్రూమన్ పౌరహక్కుల వైపు మొగ్గగానే, జాతి వేర్పాటును సమర్థించే డెమోక్రాట్ స్ట్రోమ్ థర్మండ్ వేరుపార్టీ పెట్టి నాలుగు దక్షిణాది రాష్ట్రాలు గెలిచాడు. 1964 చట్టానికి సెనేట్‌లో 33 మంది రిపబ్లికన్లలో 27 మంది, 67 మంది డెమోక్రాట్లలో 46 మంది ఓటు వేశారు. అంటే విభజన పార్టీ కన్నా ప్రాంతాన్ని బట్టి ఎక్కువగా ఉంది. అయితే దానికి వ్యతిరేకంగా ఓటు వేసిన బారీ గోల్డ్‌వాటర్‌ను రిపబ్లికన్లు అధ్యక్ష అభ్యర్థిగా నిలబెట్టారు. అతడు సొంత రాష్ట్రం ఆరిజోనా కాక ఐదు దక్షిణాది రాష్ట్రాలు మాత్రమే గెలిచాడు. 1968లో జాతి వేర్పాటును సమర్థించే జార్జ్ వాలెస్ స్వతంత్ర పక్షం తరఫున ఐదు రాష్ట్రాలు తీసుకున్నాడు, నిక్సన్ ఆ ఓటర్లను తన వైపు తిప్పుకునే పని మొదలుపెట్టాడు. స్థానిక పదవుల్లో ఈ మార్పు పూర్తికావడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది. జాతి ఒక్కటే కారణం కాదు. శివారుల పెరుగుదల, పన్నుల మీద అసంతృప్తి, మతం కూడా ఉన్నాయి. కానీ ఎన్నికల పటంలో మొదట పార్టీ రంగు మార్చుకున్న రాష్ట్రాలు ఏవో చూస్తే జాతి ప్రధానమని ఒప్పుకోక తప్పదు.

వియత్నాం యుద్ధం ఈ కథలో ఎక్కడ నిలుస్తుంది?

1964 ఆగస్టులో టోంకిన్ సింధుశాఖ తీర్మానంతో జాన్సన్ చేతికి యుద్ధం సాగించే అధికారం చిక్కింది. 1968 నాటికి ఐదు లక్షలకు పైగా అమెరికా సైనికులు అక్కడ ఉన్నారు. కాలేజీలో చదివేవారికి నిర్బంధ సైనికసేవ నుంచి వాయిదా దొరికేది, కాబట్టి పేదల పిల్లలే ఎక్కువగా వెళ్ళారు. 58,000 మందికి పైగా అమెరికన్లు, లక్షలాది వియత్నామీయులు చనిపోయారు. 1967 ఏప్రిల్‌లో కింగ్ ఈ యుద్ధాన్ని బహిరంగంగా ఖండించి మిత్రులను కూడా దూరం చేసుకున్నాడు. 1970 మే 4న ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నేషనల్ గార్డు కాల్పుల్లో నలుగురు విద్యార్థులు మరణించారు. పద్దెనిమిదేళ్ళవాడిని యుద్ధానికి పంపుతూ ఓటు ఎందుకు ఇవ్వరన్న వాదన 1971లో 26వ రాజ్యాంగ సవరణగా గెలిచింది. 1973లో నిర్బంధ సైనికసేవ ఆగిపోయింది. ప్రభుత్వం చెప్పేది నిజమేనన్న నమ్మకం మాత్రం ఆ యుద్ధంతో, ఆ వెంటనే వచ్చి నిక్సన్ రాజీనామాకు దారితీసిన వాటర్‌గేట్ కుంభకోణంతో సడలిపోయింది.

ఈ మార్పు ఎక్కడ ఆగింది?

నా దృష్టిలో ఇంటి గడప దగ్గర ఆగింది. 1967లో డెట్రాయిట్ అల్లర్లలో 43 మంది చనిపోయారు. నల్ల, తెల్ల సమాజాలు రెండుగా, అసమానంగా విడిపోతున్నాయని, అల్లర్ల కారణాలను పరిశీలించిన కెర్నర్ కమిషన్ 1968 ఫిబ్రవరిలో హెచ్చరించింది. ఇళ్ళ అమ్మకంలో వివక్షను నిషేధించే చట్టం అదే ఏడాది ఏప్రిల్ 11న, కింగ్ హత్యకు గురైన వారం తర్వాత వచ్చింది గాని, దాన్ని అమలుచేసే కోరలు అందులో పెట్టలేదు. అప్పటికే ఇరవై ఏళ్ళుగా శివారులు నిండిపోయి, ఇళ్ళ ధరలు పెరిగి, 1949లో ఎనిమిదివేల డాలర్లకు దొరికిన ఇల్లు ఆనాడు అడ్డుపడినవారికి అందనంత దూరం వెళ్ళిపోయింది.

డెట్రాయిట్ బడులను కలపాలంటే చుట్టుపక్కల శివారు బడులను కూడా కలపాలని కింది కోర్టు ఆదేశించింది. 1974 జూలైలో, నిక్సన్ రాజీనామాకు రెండు వారాల ముందు, సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ ఆదేశాన్ని కొట్టివేసింది: శివారు జిల్లాలు తప్పు చేసినట్టు రుజువు లేనప్పుడు వాటిని కలపనక్కరలేదని చెప్పింది. ఆ తీర్పుతో విభేదించిన నలుగురు న్యాయమూర్తుల్లో ఒకరు థర్గుడ్ మార్షల్, ఇరవై ఏళ్ళ కిందట అదే కోర్టులో నిలబడి బ్రౌన్ కేసు గెలిపించిన న్యాయవాది. డెట్రాయిట్ నగరానికి ఉత్తరపు హద్దు ఎయిట్ మైల్ రోడ్డు. ఆ రోడ్డుకు ఇవతలి పిల్లలు నగరపు బడికి, అవతలి పిల్లలు శివారు బడికి వెళ్ళడం కొనసాగింది.